వేణువు వాయించే చేతికి మొదటి ఒకరినా ఏది?

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా వేణువు నేర్చుకుంటున్నాను. ఈమధ్య ఫోన్‌లో ఒకరినా అనే ఊదే వాద్యాన్ని విన్నప్పటి నుంచి ఆ నాదం మీద మనసు పడింది. ఎగ్జిబిషన్‌లో మెడలో వేసుకునే నాలుగు రంధ్రాల మట్టి ఒకరినా ఒకటి కొన్నాను. అందులో సరిగమలు కూడా సరిగ్గా పలకడం లేదు. లోపం నాదా, దానిదా? మంచిది కొనాలంటే ఎన్ని రంధ్రాలది, ఏ సైజుది కొనాలి? మట్టిదా, ప్లాస్టిక్‌దా? మన రాగాలు అందులో పలుకుతాయా? మేముండేది అపార్ట్‌మెంట్‌లో, సముద్రానికి దగ్గర. ఈ తేమకు పాడవుతుందేమోనని కూడా భయం.
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: కొత్తది కొనే ముందు మీ దగ్గరున్న దాన్ని ఒకసారి పరీక్షించండి. ఫోన్‌లో స్వరాన్ని చూపే ట్యూనర్ యాప్ తెరిచి, నాలుగు రంధ్రాలూ మూసి ఊదండి. తర్వాత ఒక్క రంధ్రం మాత్రమే తెరిచి, మిగతా మూడూ మూసి ఊదండి. అలా నాలుగు రంధ్రాలనూ వంతులవారీగా, ఊపిరి బలం మార్చకుండా చూడండి. ఏది తెరిచినా దాదాపు ఒకే స్వరం వస్తోందంటే నాలుగు రంధ్రాలూ ఒకే కొలతతో పొడిచారన్నమాట. అలాంటి దాంట్లో ఎంతటి విద్వాంసులు ఊదినా మొత్తం ఐదు స్వరాలకు మించి రావు. లోపం మీది కాదు, అది బొమ్మ.

కారణం తెలిస్తే కొనేటప్పుడు మీకే పనికొస్తుంది. వేణువులో రంధ్రం ఎక్కడ ఉందన్నది ముఖ్యం. ఊదే చోటి నుంచి తెరిచిన రంధ్రం దాకా ఉన్న గాలి పొడవే స్వరాన్ని నిర్ణయిస్తుంది. ఒకరినా గొట్టం కాదు, మూసి ఉన్న గది. అందులో స్వరం లోపలి గాలి పరిమాణాన్ని బట్టి, తెరిచి ఉన్న రంధ్రాల మొత్తం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. రంధ్రం ఎక్కడున్నా పెద్దగా తేడా రాదు, ఎంత పెద్దదన్నదే లెక్క. నాలుగు రంధ్రాలతోనే పూర్తి స్థాయి పలికించే పద్ధతిని 1960లలో ఇంగ్లండ్‌లో జాన్ టేలర్ రూపొందించారు. అందులో నాలుగూ నాలుగు కొలతల్లో ఉంటాయి, వాటిని రకరకాలుగా కలిపి మూస్తూ తెరుస్తూ స్వరాలు తీస్తారు. మీ పరీక్షలో నాలుగు రంధ్రాలూ నాలుగు వేర్వేరు స్వరాలిస్తే అది ఆ కోవదే కావచ్చు, దాచుకోండి. అయినా దాని పరిధి ఒక్క స్థాయి. ఎనిమిదేళ్లు వేణువు వాయించినవారికి నెల తిరక్కుండానే ఇరుకైపోతుంది.

వేణువు నుంచి వచ్చేవారికి ఒకరినాలో రెండు చోట్ల గట్టి తేడా ఎదురవుతుంది. మొదటిది, గట్టిగా ఊది పై స్థాయికి వెళ్లడం కుదరదు. వేణువులో అదే వేళ్లతో ఊపిరి మార్చి తారస్థాయి అందుకుంటారు. ఇక్కడ గట్టిగా ఊదితే స్వరం కాస్త పైకి జరుగుతుంది, ఇంకా ఊదితే కీచుమంటుంది, అంతే. వేళ్లు ఎన్ని స్వరాలిస్తే అన్నే. రెండోది, ఊపిరి బలంతో శ్రుతి కదులుతుంది. మెల్లగా ఊదితే కిందికి, గట్టిగా ఊదితే పైకి. వేణువులో పెదవిని సర్ది ఈ తేడాను సరిచేస్తారు. ఒకరినాలో గాలి వెళ్లే దారి తయారీలోనే బిగించి ఉంటుంది కాబట్టి పెదవి చేయగలిగింది ఏమీ లేదు. ప్రతి స్వరానికీ తనదైన ఒక ఊపిరి బలం ఉంటుంది, దాన్ని పట్టుకోవడమే ఈ వాద్యంలో అసలు సాధన. చిన్నగా, పెద్దగా వాయించి భావం పలికించే అవకాశం కూడా అందుకే తక్కువ.

ఇక రంధ్రాల సంఖ్య. ఇప్పుడున్న రూపంలో ఒకరినాను 1853లో ఇటలీలోని బొలోనా దగ్గర బుద్రియోలో జుసెప్పె దొనాతి తయారుచేశారు. పది వేళ్లకు పది రంధ్రాల పద్ధతి అక్కడ స్థిరపడింది. తర్వాత 1928లో జపాన్‌లో తకాషి అకెతగావా రెండు చిన్న రంధ్రాలు చేర్చి పన్నెండు చేశారు. వాటికి వేరే వేళ్లు అక్కర్లేదు, పక్క రంధ్రం మీదున్న వేలినే కాస్త ముందుకు ఒరిగించి మూస్తారు. ఈ రెండు చిన్న రంధ్రాలే మీకు ప్రాణం. ఎందుకో చెబుతాను.

ఆల్టో సి అనే మధ్యరకం సైజు తీసుకుందాం (సి, డి, ఈ లాంటివి పాశ్చాత్య స్వరాల పేర్లు). పది రంధ్రాలదైతే సి నుంచి పై స్థాయి ఎఫ్ దాకా పలుకుతుంది. పన్నెండు రంధ్రాలదైతే అడుగున ఇంకో రెండు మెట్లు దిగి ఏ నుంచి, అంటే 440 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. మీరు సి దగ్గర షడ్జమం పెట్టుకుంటే పది రంధ్రాల దాంట్లో మంద్రస్థాయి ఒక్క స్వరం కూడా ఉండదు. షడ్జమం కిందికి దిగి ఒక్క నిషాదం తాకలేని వాద్యంతో రాగం ఎలా పాడతారు? పన్నెండు రంధ్రాలదైతే అదే సి షడ్జమంతో మంద్ర చతుశ్రుతి ధైవతం నుంచి తార శుద్ధ మధ్యమం దాకా వస్తుంది. కాబట్టి పన్నెండు రంధ్రాలదే కొనండి. రెండు మూడు గదులున్న ఒకరినాలు పరిధి పెంచుతాయి గానీ ఖరీదెక్కువ. ఒక గది నుంచి మరో గదికి మూతి మార్చడం మరో విద్య, మొదటి వాద్యంగా వద్దు.

షడ్జమం ఎక్కడ పెట్టాలన్నది కొనకముందే ఆలోచించాల్సిన విషయం. ఆల్టో సిలో రెండు చోట్లు పనికొస్తాయి. ఒకటి సి, మన లెక్కలో ఒకటి శ్రుతి. అన్నీ మామూలు వేళ్లతోనే శంకరాభరణం వస్తుంది. మోహనం, హంసధ్వని ఏ తిరకాసూ లేకుండా పలుకుతాయి. తార షడ్జమం పలికేటప్పుడు రెండు బొటనవేళ్లూ కిందే ఉంటాయి, వాద్యం చేతిలో స్థిరంగా ఉంటుంది. మోహనంలో మంద్ర పంచమం మాత్రం దొరకదు, ధైవతం దగ్గరే ఆగాలి.

రెండోది డి, అంటే రెండు శ్రుతి. ఇక్కడ మామూలు వేళ్లతో ఖరహరప్రియ తనంతట తానే వచ్చేస్తుంది. మధ్యమావతి, శుద్ధ సావేరి కూడా అంతే. మంద్ర పంచమం చేతికందుతుంది, పన్నెండూ మూస్తే పంచమం, చిన్న రంధ్రాలు రెండూ తెరిస్తే కైశికి నిషాదం. పైన తార సాధారణ గాంధారం దగ్గర పరిధి ముగుస్తుంది. మధ్యమావతి వాయిస్తే తార మధ్యమం అందదు కాబట్టి తార రిషభమే శిఖరం. ఇంకో చిక్కు, ఈ అమరికలో తార షడ్జమానికే ఒక బొటనవేలు ఎత్తాలి. అక్కడే కొత్తవారి చేతిలోంచి వాద్యం జారుతుంది. అందుకని మొదట సి షడ్జమంతో చేతికి పట్టు తెచ్చుకుని, తర్వాత డికి మారడం మేలు. నాకైతే మన సంగీతానికి డి అమరికే నచ్చుతుంది, పంచమం నుంచి ఎత్తుకునే ఆలాపన దానిలోనే కుదురుతుంది.

మాయామాళవగౌళను మొదటే ఎత్తుకోకండి. శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం లాంటివాటికి వేళ్లు అడ్డదిడ్డంగా పెట్టాలి, అడుగు మెట్టులో అది మరీ పేచీ. తార పంచమం దాకా వెళ్లే కీర్తనలు దీనిలో పూర్తిగా రావు, అందులో మొహమాటం లేదు. లలిత గీతాలు, సినిమా పాటల పల్లవులు చాలావరకు ఒదుగుతాయి.

సైజు దగ్గర ఆన్‌లైన్‌లో ఒక బోనుంది. సొప్రానో సి అని చిన్నది, ముద్దుగా, చవగ్గా కనిపిస్తుంది. అది ఆల్టో సి కన్నా ఒక పూర్తి స్థాయి పైన పలుకుతుంది, పై స్వరాలు దాదాపు 2800 హెర్ట్జ్ దాకా వెళ్తాయి. అపార్ట్‌మెంట్‌లో అది పక్కింటివారి చెవుల్లో గుచ్చుకుంటుంది, ముందు మీ చెవుల్లోనే. బాస్ సి అయితే నాదం హాయిగా ఉంటుంది గానీ రంధ్రాల మధ్య దూరం ఎక్కువ, ఊపిరీ ఎక్కువ తాగుతుంది. ఆల్టో జి, ఆల్టో ఎఫ్ అనేవి ఆల్టో సికీ బాస్ సికీ మధ్యవి. అదే డి వేళ్లతో ఆల్టో ఎఫ్‌లో ఐదు శ్రుతి, ఆల్టో జిలో ఆరు శ్రుతి షడ్జమం వస్తుంది. అవి రెండో వాద్యంగా చాలా బాగుంటాయి. మొదటిదానికి ఆల్టో సి అంటున్నది ఎందుకంటే చేతికి సరిపోతుంది, దొరికే వేళ్ల పటాలన్నీ ఎక్కువగా దానికే రాసి ఉంటాయి, ప్లాస్టిక్‌లో మంచివి ఆ సైజులోనే ఎక్కువ.

మట్టా, ప్లాస్టిక్కా? నాదాన్ని నిర్ణయించేది లోపలి గది, గాలిదారి, రంధ్రాల కొలతలు. మట్టి అయినంత మాత్రాన మధురం కాదు. కొలత తప్పిన మట్టి ఒకరినా కన్నా కొలత కుదిరిన ప్లాస్టిక్‌ది వంద రెట్లు మెరుగు. పైగా అచ్చులో పోసిన ప్లాస్టిక్‌వి అన్నీ ఒకేలా ఉంటాయి. మట్టివి బట్టీలో కాలేటప్పుడు కుదించుకుపోతాయి కాబట్టి ఒక్కోదాన్నీ చేత్తో శ్రుతి చేయాలి, ఆ పని తెలిసినవారు చేసిందే కొనాలి. మీ ఇంట్లో గచ్చు మొజాయిక్ అయినా టైల్స్ అయినా, మట్టిది ఒక్కసారి జారితే ముక్కలే. ప్లాస్టిక్‌కూ ఒక లోటుంది. మట్టి గాలిదారి కాస్త తేమ పీలుస్తుంది, ప్లాస్టిక్ అస్సలు పీల్చదు, అందుకని త్వరగా నీరు కడుతుంది. అయినా నా మాట, మొదటిది ప్లాస్టిక్ పన్నెండు రంధ్రాల ఆల్టో సి. సుమారు రెండు మూడు వేల రూపాయల్లో వస్తుంది. నమ్మకమైన మట్టిది ఐదు వేల పైమాటే, బయటి దేశం నుంచి తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ సుంకం అదనం. ఫోకలింక్, ఎస్‌టీఎల్ లాంటి ఒకరినాలకే పరిమితమైన పేర్లు చూడండి. పేరూ ఊరూ లేకుండా రంగుల బొమ్మలతో అమ్మేవాటి జోలికి పోకండి.

పార్శిల్ వచ్చాక వాపసు గడువు లోపలే పరీక్ష ముగించండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయడం మంచిది. మట్టిదైతే గోటితో తట్టి చూడండి, ఖంగుమనాలి, బద్దగా మోగితే ఎక్కడో బీట ఉంది. మూతిలోంచి వెలుతురు వైపు చూడండి. గాలిదారి చివర, అడుగున ఉన్న కిటికీలో ఎదురుగా ఒక పదునైన అంచు కనబడుతుంది. గాలి ఆ అంచు మీద చీలితేనే నాదం పుడుతుంది. అంచు చిట్లినా, గాలిదారికి ఎదురుగా కాక పైకో కిందికో ఉన్నా ఊదిన గాలి సగం బుసగానే పోతుంది. ఆ అంచును మాత్రం వేలితో గానీ పిన్నుతో గానీ తాకకండి.

తర్వాత ట్యూనర్‌తో సి నుంచి ఒక్కో మెట్టు ఎక్కండి. ట్యూనర్‌లో ఆధారం 440 ఉందో 442 ఉందో చూసుకోండి, కొందరు తయారీదారులు 442కు శ్రుతి చేస్తారు. ముల్లు మధ్యలో నిలవడానికి ఒక్కో స్వరానికి ఎంత ఊపిరి పట్టిందో గమనించండి. కిందినుంచి పైకి ఊపిరి నెమ్మదిగా, వరసగా పెరుగుతూ పోతే అది మంచి వాద్యం. మధ్యలో ఏదో ఒక స్వరానికి హఠాత్తుగా ఊపిరి తగ్గించాల్సి వస్తే ఆ రంధ్రం కొలత తప్పింది. చివరగా పై ‘ఈ’, ‘ఎఫ్’ స్వరాలు చూడండి. కాస్త బుస సహజం, అసలు పలకకపోతే మాత్రం తిప్పి పంపండి. పంపేముందు ఒక్క ప్రయత్నం చేయండి, గడ్డం కొద్దిగా దించి, వాద్యం తోక నేల వైపు ఒరిగేలా పట్టుకుని ఊదితే చాలా ఒకరినాల్లో పై స్వరాలు తేటపడతాయి.

చేయి పెట్టడం. వేణువులో వేలి మధ్య భాగంతో మూసే అలవాటు ఉంటే ఇక్కడ మార్చాలి, వేలి కొస మెత్తన రంధ్రాన్ని నిండా కప్పాలి. మూసిన తర్వాత వేలు తీసి చూస్తే చర్మం మీద పూర్తి గుండ్రని అచ్చు పడాలి, అరచంద్రంలా పడితే గాలి కారుతోంది. ఎడమచేతి గోళ్లు, కుడిచేతి గోళ్లు రెండూ కత్తిరించండి, చిన్న రంధ్రాల మీదికి వేలు ఒరిగించేటప్పుడు గోరు అడ్డొస్తుంది. పది పెద్ద రంధ్రాలూ మూస్తే సి. అక్కణ్నుంచి కుడి చిటికెన వేలు ఎత్తితే డి, ఉంగరపు వేలు ఎత్తితే ఈ, మధ్యవేలికి ఎఫ్, చూపుడు వేలికి జి. ఆ పైన ఎడమచేతి ఉంగరపు వేలు ఏ, మధ్యవేలు బి, చూపుడు వేలు పై సి. పై ‘డి’, ‘ఈ’ స్వరాలకు బొటనవేళ్లు, చిట్టచివరి ఎఫ్‌కు ఎడమ చిటికెన వేలు లేస్తాయి. పైకి పోయేకొద్దీ పట్టు సడలుతుంది కాబట్టి కుడి చిటికెన వేలిని రంధ్రం లేని చోట ఒంటి మీద ఆనించి ఉంచండి.

మొదటి రెండు వారాలు రాగాల జోలికి పోకుండా రోజూ పావుగంట దీర్ఘ స్వరాలే ఊదండి. అడుగున ఉన్న ‘ఏ’ స్వరానికి కళ్లద్దాల మీద ఆవిరి పట్టించేంత ఊపిరి చాలు, మీ వేణువు ఊపిరి అక్కడ పెడితే వెంటనే కీచుమంటుంది. ఒక్కో స్వరాన్ని మెల్లగా మొదలుపెట్టి గట్టిదాకా పెంచి, ముల్లు ఎంత దూరం కదులుతుందో చూడండి, మళ్లీ మధ్యకు తెచ్చి నిలపండి. తర్వాత ట్యూనర్ ఆపేసి తంబురా యాప్ పెట్టుకుని అదే పని చెవితో చేయండి. ఎనిమిదేళ్ల శ్రుతిజ్ఞానం మీకు ఇక్కడే అక్కరకొస్తుంది. ప్రతి స్వరాన్నీ ‘తు’ అనే నాలుక తాకిడితో మొదలుపెట్టండి, లేకపోతే ఎత్తుగడలో స్వరం కిందినుంచి జారుకుంటూ వస్తుంది.

గమకాలు బాగానే పలుకుతాయి. డి షడ్జమంలో ఖరహరప్రియ గాంధారం కుడి మధ్యవేలి దగ్గరుంది. ఆ వేలిని పూర్తిగా ఎత్తకుండా రంధ్రం అంచు మీద సగం తెరిచి మూస్తూ ఊపితే రిషభం నుంచి గాంధారానికి కంపితం వస్తుంది. నిషాదానికి ఎడమ చూపుడు వేలు అదే పని చేస్తుంది. జారు కావాలంటే వేలు పైకెత్తకుండా పక్కకు జరుపుతూ తీయండి. ఊపిరితోనూ స్వరాన్ని ఊపవచ్చు గానీ ఆ ఆశ మొదట వద్దు, ఊపిరి స్థిరపడకముందే ఊపడం అలవాటైతే తర్వాత ఏ స్వరమూ నిలకడగా ఉండదు.

మీ ఊరి వాతావరణం గురించి. గాలి వేడెక్కితే శ్రుతి పెరుగుతుంది, డిగ్రీకి సుమారు మూడు సెంట్లు (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు). ఏసీలో 24 డిగ్రీల గదిలో సాధన చేసి 32 డిగ్రీల బాల్కనీలోకి వస్తే పాతిక సెంట్ల తేడా, అంటే అరస్వరంలో నాలుగో వంతు. ఒకరినాను లాగి, తోసి శ్రుతి చేసే వీలు లేదు కాబట్టి తంబురా యాప్‌నే సెంట్లలో జరిపి వాద్యానికి కలుపుకోండి. ఊపిరి మార్చి సర్దుకుందామనుకుంటే నేర్చుకున్న ఒత్తిళ్లన్నీ చెదిరిపోతాయి.

ఏసీ గదిలో చల్లబడిన వాద్యంలోకి వెచ్చని ఊపిరి తగిలితే గాలిదారిలో నీరు కడుతుంది. మొదట పాడయ్యేవి పై స్వరాలే. వాయించే ముందు ఐదు నిమిషాలు రెండు అరచేతుల మధ్య పట్టుకుని వెచ్చబరచండి. మధ్యలో నీరు కడితే కిటికీ ముందు వేలు అడ్డం పెట్టి, అంచుకు తగలకుండా, ఒక్కసారి గట్టిగా ఊదండి. వాయించడం అయ్యాక, తడి పీల్చుకునే పల్చటి కాగితం పట్టీని గాలిదారిలోకి జొనిపి మెల్లగా లాగండి. తడిగా ఉండగానే ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెడితే విశాఖ వానాకాలంలో లోపల బూజు పట్టడం ఖాయం. బయట గంటసేపు ఆరనిచ్చి గుడ్డ సంచిలో పెట్టండి. తిన్న వెంటనే వాయించకండి, నోరు పుక్కిలించండి. ప్లాస్టిక్‌దాన్ని గోరువెచ్చని నీటితో కడగవచ్చు, మట్టిదాన్ని నీళ్లలో ముంచకండి.

ఆర్కే బీచ్‌లో వాయించాలని ఉంటే, మధ్యాహ్నం దాటాక వీచే సముద్రపు గాలి కిటికీకి అడ్డంగా కొడితే నాదం తెగిపోతుంది. సముద్రానికి వీపు పెట్టి, ఒంటి చాటున వాద్యం పట్టుకోండి. వాద్యానికి తాడు కట్టి మెడలో వేసుకోండి.

ఇంట్లో శబ్దం తగ్గించడానికి మెల్లగా ఊదడం దారి కాదు, శ్రుతి పడిపోతుంది. తలుపు మూసి, పరుపులూ బట్టలూ ఉన్న గదిలో, సి నుంచి పై ఏ మధ్యలో సాధన చేయండి. పై ‘ఈ’, ‘ఎఫ్’ స్వరాలను పగటిపూటకు ఉంచుకోండి. ఆరు నెలల తర్వాత మధ్యమావతి మంద్ర పంచమం నుంచి తార రిషభం దాకా శ్రుతి తప్పకుండా వస్తూ ఉండి, నాదం ఇంకాస్త కింద ఉంటే బాగుండుననిపిస్తే అప్పుడు ఐదు శ్రుతికి ఆల్టో ఎఫ్ మట్టిది చూడండి. కొనే ముందు దాని చిన్న రంధ్రాలు ఏ వేళ్ల కింద ఉన్నాయో తయారీదారును అడగండి, ఆ అమరిక అందరిదీ ఒకటి కాదు.